పాత రేస్ ట్రాక్‌కి భద్రత పెంచాలి, మలుపు మారకూడదు: సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, మెహదీపట్నం. సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుకి బెల్జియంలోని స్పా రేస్ ట్రాక్ తీసుకున్నాను. ‘ఓ రూజ్’ (Eau Rouge) అనే మలుపు దాటి పైకెక్కే రైడియోన్ మలుపు దగ్గర లెక్క తెగడం లేదు.

2019లో ఫార్ములా 2 డ్రైవర్ ఆంత్వాన్ హ్యూబర్ అక్కడే చనిపోయాడు. ఆ ఎక్కుడులో వెనక వచ్చేవాళ్లకి ముందు ఏం జరిగిందో చివరిదాకా కనబడదు. ఆ వీడియో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. 2022కల్లా అదుపు తప్పిన కార్లు ఆగేందుకు పక్క ఖాళీ స్థలం పెంచి, కంకర పోశారు. మలుపు మాత్రం అలాగే ఉంచారు. నాకిదే సరైన దారి అనిపిస్తోంది. ఇటలీలోని ఇమోలా ట్రాక్‌లో, టాంబురెల్లో అనే మలుపు దగ్గర గోడ వెనకే నది ఉండటంతో గోడని జరపడానికి చోటు లేదు. 1994లో ఫార్ములా 1 డ్రైవర్ సెన్నా అక్కడ పోయాక ఆ మలుపునే షికేన్‌గా (వేగం తగ్గించే వంకర మలుపులుగా) మార్చారు. ప్రాణాల కోసం చేసిన పని, తప్పనను. కానీ పాత టాంబురెల్లో ఇక లేనట్టే కదా!

మన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) రోడ్డు లెక్కల్లో డ్రైవర్ కంటి ఎత్తు 1.2 మీటర్లు. రేస్ కారులో ఇంకా చాలా కింద కూర్చుంటారు. మరి చూపు దూరం ఎలా లెక్కకట్టాలి? పక్క ఖాళీ స్థలానికి కంకర మేలా, తారు మేలా? 2022లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో ఫార్ములా 1 డ్రైవర్ జో గ్వాన్యూ కారు తలకిందులై కంకర మీద జారుతూ టైర్ల గోడనే దాటేసింది. అందుకే సందేహం.

చెన్నై ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో గానీ, 2023లో మన హుస్సేన్ సాగర్ ‘ఫార్ములా-ఈ’ (ఎలక్ట్రిక్ కార్ల) రేసులో గానీ మార్షల్‌గా (ట్రాక్ పక్కన భద్రత చూసే సిబ్బందిగా) చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.