రబీ మొక్కజొన్నలో కత్తెర పురుగు సర్వే: ఒకే చేలో ఇద్దరికి రెండు లెక్కలు ఎందుకొస్తున్నాయి?

చీపురుపల్లి_మెట్ట: గుర్ల, గరివిడి వైపు సర్వేకి కొత్త కుర్రాళ్లు దిగుతున్నారు. అదే చేను, అదే పొద్దు. దెబ్బతిన్న మొక్కలు ఒకరు 8 శాతం రాస్తే ఇంకొకరు 30 రాస్తున్నారు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి, తేడా ఎక్కడ?

సుడి_చూడు: పాత దెబ్బని కూడా కలిపేస్తున్నారు, అంతే. ఆకుకి కన్నాలు కనబడ్డ ప్రతి మొక్కనీ లెక్కేస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. పురుగు సుడిలో (మొక్క నడుమ కొత్త ఆకులు చుట్టుకుని ఉండే చోట) ఉన్నప్పుడు కొరికిన ఆకు విచ్చుకునేది తర్వాత. ఆకు బయటపడేసరికి పురుగు చచ్చి ఉండొచ్చు, కోశస్థ దశకి (ప్యూపాగా మారడానికి) మట్టిలోకి దిగిపోయి ఉండొచ్చు. అందుకని సుడి లోపలి, ఇంకా పూర్తిగా విప్పుకోని ఆకునే చూడాలి. దాని మీద కొత్త గాటు, సుడిలో తడిగా పసుపు-గోధుమ రంగు రెట్ట ఉంటే ఆ మొక్కకి టిక్కు. రెట్ట ఎండి పొడిగా రాలుతుంటే వదిలెయ్యండి. అనుమానమొస్తే సుడి విప్పి చూడండి, ఒక మొక్క పోతే పోయింది.

గట్టు పక్క నాలుగు వరసలు వదిలి లోపలికి వెళ్లాలి. వంకరటింకరగా నడుస్తూ 5 చోట్ల ఆగి, చోటుకి 20 మొక్కలు వరసగా చూడండి. మొత్తం నూరు కాబట్టి శాతానికి వేరే లెక్క అక్కర్లేదు. కంటికి దెబ్బతిన్నట్టు కనబడ్డ చోట ఆగకూడదు. ఇన్ని అడుగులని ముందే అనుకుని, అక్కడే ఆగాలి.

పొలంబడి_విజయనగరం: దీనికి తోడు వేళ కూడా చూసుకోండి. పొద్దున్నే వెళ్తే పురుగు ఆకుల మీద దొరుకుతుంది. ఎండెక్కితే సుడి అడుక్కి దిగిపోతుంది. మధ్యాహ్నం సర్వే చేసి 'పురుగు లేదు' అని రాసిన చేలో మర్నాడు పొద్దున్న బోలెడు కనబడతాయి. మొలక వచ్చిన వారం నుంచే మొదలుపెట్టండి. గుడ్లు రెండు మూడు రోజుల్లో పగిలిపోతాయి కాబట్టి వారానికి రెండుసార్లు తిరగకపోతే ఆ దశ కనబడదు. గుడ్ల ముద్ద మీద బూజు లాంటి నూగు కప్పి ఉంటుంది. పిల్ల పురుగులు ఆకు పచ్చదనం గీకి తింటే ఆకు మీద కాగితం లాంటి తెల్లటి పొర మిగులుతుంది.

లావేరు_రైతు: మావోళ్లు లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసన ఎరతో మగవాటిని పట్టేది) రెక్కల పురుగు పడితే చాలు మందు కొట్టేస్తున్నారు. ఇదేటి పద్ధతి?

సుడి_చూడు: బుట్టలో పడేవి మగవే. చేలో ఇక వెతకడం మొదలుపెట్టమని బుట్ట చెబుతుంది, ఎన్ని మొక్కలకి తగిలిందో చెప్పదు. మందు మాట మొక్కలు చూశాకే. మూడు నాలుగు వారాల పైరులో 5 శాతం, ఐదు నుంచి ఏడు వారాల్లో 10 శాతం, ఆ పైన జల్లు (మొక్క కొసన వచ్చే మగ పూత) వచ్చేదాకా 20 శాతం కొత్త దెబ్బ దాటితేనే. జల్లు వచ్చాక మందు కొట్టడం దండగ.

పొలంబడి_విజయనగరం: ఎకరానికి 5 బుట్టలు, పైరు ఎత్తుని బట్టి పైకి జరుపుకుంటూ పోవాలి. ఇందులో రెండు తప్పులు మామూలు. ఒకటి, మిరపలో పొగాకు లద్దె పురుగు ఎర పట్టుకున్న చేత్తోనే దీన్నీ తగిలించడం. అప్పుడు దేనికి ఏది వచ్చిందో తెలీదు. రెండోది, బుట్ట వారాల తరబడి తియ్యకపోవడం. రెక్కల మీది పొడి రాలిపోతే గుర్తుపట్టలేరు, చీమలు తినేస్తే లెక్కే ఉండదు. మగదానికి ముందు రెక్క కొసన తెల్లటి మచ్చ ఉంటుంది, అది చూసి రాయండి. ఎర మూడు నాలుగు వారాలకి మార్చాలి. ఎర పెట్టిన తేదీ కర్రకే రాసి ఉంచండి.

రణస్థలం_కుర్రాడు: కాండం తొలుచు పురుగుకీ దీనికీ తేడా అడుగుతున్నారు.

సుడి_చూడు: కాండం తొలుచు పురుగు కన్నాలు ఆకు అడ్డంగా ఒక వరసలో చిన్నగా ఉంటాయి. మొవ్వు లాగితే ఊడొస్తుంది. కత్తెర పురుగు కన్నాలు అడ్డదిడ్డంగా, చిరిగినట్టుంటాయి, సుడిలో రెట్ట గుట్ట. పురుగు దొరికితే తల మీద తిరగేసిన 'వై', తోక దగ్గర చతురస్రంలో నాలుగు నల్ల చుక్కలు చూడండి. గుడ్డులోంచి అప్పుడే వచ్చినవాటికి ఇవి సరిగా కనబడవు.

నమూనా పంపాలంటే ఒక్కో పురుగుని ఒక్కో డబ్బాలో వెయ్యండి, లేకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. నిలవ చెయ్యాలంటే మరిగించి దించిన నీళ్లలో నిమిషం ఉంచి, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో. నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే నల్లబడుతుంది. లోపలి చీటీ పెన్సిల్‌తో రాయాలి. పెన్ను సిరా అందులో కరిగిపోయి ఊరూ తేదీ రెండూ పోతాయి.

కవిటి_కొబ్బరి: మొక్కజొన్న మధ్యలో కొబ్బరి తెస్తున్నందుకు ఏమనుకోకండి. ఉద్దానంలో (శ్రీకాకుళం జిల్లా కొబ్బరి ప్రాంతం) సర్పిలాకార తెల్లదోమ సర్వేలోనూ ఇదే గొడవ. మట్టల మీద నల్లటి మసి చూసి 'తీవ్రం' అని రాసేస్తున్నారు. మసి అంటే దోమ వదిలిన పాత తేనె జిగురు మీద పెరిగిన బూజు, దోమ తగ్గినా అది కొన్నాళ్లు ఉంటుంది. ఆకు అడుగున బతికున్న గుడ్ల చుట్లు లెక్కపెట్టాలి. ఈనె ఆకుకి 10 లోపు తక్కువ, 10 నుంచి 20 మధ్యస్థం, 20 దాటితే తీవ్రం.

దాంతో పాటు భూతద్దంతో దోమ ప్యూపాలు చూడండి. నల్లగా మారి, గుండ్రటి చిల్లు ఉంటే లోపల ఎన్కార్సియా (తెల్లదోమని చంపే చిన్న పరాన్నజీవి కందిరీగ) పెరిగి బయటికొచ్చిందన్నమాట. దోమ బయటికొస్తే 'టి' ఆకారంలో చీలుతుంది. నల్లవి ఎక్కువ కనబడే తోటలో పురుగుమందు కొట్టించకండి, ముందు చచ్చేది ఎన్కార్సియానే. 2018 తిత్లీ తుపాను తర్వాత కొత్తగా నాటిన తోటలు చాలా ఉన్నాయి కదా, నర్సరీ మొక్క దించేటప్పుడే ఆకు తిరగేసి చూడాలి.

చీపురుపల్లి_మెట్ట: మందు కొట్టిన చేను ఎన్నాళ్లకి మళ్లీ లెక్కపెట్టాలి?

సుడి_చూడు: ఇమామెక్టిన్ బెంజోయేట్ అనే పురుగుమందు లీటరు నీళ్లకి 0.4 గ్రాములు సుడిలో పడేలా కొట్టి ఉంటే, కొత్త ఆకు ఒకటి పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి, ఆ ఆకుకి పైన ఉన్నదే చూడండి. కొట్టిన తేదీ రైతుని అడిగి ఫారంలో రాయండి, లేకపోతే ఆ చేని లెక్కని పక్క చేనితో పోల్చలేం.

లావేరు_రైతు: ఫారంలో ఆ గడే లేదు బావూ.

సుడి_చూడు: రిమార్కుల్లో రాయండి.