పొగాకు కంపెనీలు చెప్పే సుస్థిర సేద్యం ఎవరి కోసం?

కొండపి_కుర్రోడు:
మొన్న మా ఊళ్లో పొగాకు కొనే ఒక కంపెనీ వాళ్లు సుస్థిర సేద్యం మీద మీటింగ్ పెట్టారు. పచ్చిరొట్ట ఎరువుకి జనుము చల్లి పూతకి రాగానే కలియదున్నండి, చేను చుట్టూ ఆముదం వేయండి, బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) కప్పుకి ఇన్సులేషన్ చేయించండి, గట్ల మీద చెట్లు పెంచండి అని. చెప్పిందాంట్లో తప్పేం లేదు. కానీ ఖర్చు మనది, నివేదికలో ఫోటో వాళ్లది. అసలిది రైతు కోసమేనా?

ఆకుపచ్చ_మడి:
ఎవరు చెప్పారన్నది పక్కన పెట్టు తమ్ముడూ. లద్దె పురుగు తల్లి ముందు ఆముదం ఆకు మీదే గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తుంచి పారేస్తే మందు కొట్టడం తగ్గుతుంది. ఇదేం కంపెనీ కనిపెట్టింది కాదు, రాజమండ్రి పొగాకు పరిశోధన కేంద్రం ఎప్పటినుంచో చెబుతున్నదే. ఇక కట్టెల సంగతి. కిలో ఆకు క్యూరింగ్‌కి, అంటే బ్యారన్‌లో ఆరబెట్టడానికి, నాలుగైదు కిలోల కట్టె కాలుతుంది, అందుకే బ్యారన్ వేడి బయటికి పోకుండా చూసుకుంటే మిగిలేది నీ డబ్బే.

వేలం_చూసినోడు:
మిగిలే మాట నిజమే, కానీ అసలు విషయం ఎవరూ అనట్లేదు. వర్జీనియా రకం పొగాకు మనం పొగాకు బోర్డు వేలం కేంద్రంలోనే అమ్మాలి. అక్కడ బేలు (ఆకు మూట) ముందు నిలబడిన బిడ్డర్ రంగు, వాసన, గ్రేడ్ చూసి పాట పాడతాడు. నువ్వు జనుము వేశావా, నిషేధించిన మందు కొట్టకుండా కాపాడుకున్నావా అని ఏ బేలు మీదా రాసి ఉండదు. పక్కోడు ఇష్టమొచ్చినట్టు మందులు కొట్టినా అదే గ్రేడ్, అదే రేటు. మన వర్జీనియాలో చాలా భాగం విదేశాలకే పోతుంది, ఆకులో మందుల అవశేషాలు ఎక్కువుంటే అక్కడ కొనరు, కాబట్టి ఈ శిక్షణలు ముందుగా ఎగుమతికి పనికొస్తాయి. అందులో తప్పు లేదు. శుభ్రమైన ఆకు కావాలంటే మాత్రం దానికి రేటు కట్టాలి కదా.

డాక్టరమ్మ_గుంటూరు:
మీరంతా ఆకు గురించే మాట్లాడుతున్నారు. పొద్దున్నే మంచులో తడిసిన ఆకు కోసే కూలీల సంగతేంటి? తడి ఆకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోయి వాంతులు, తలతిరుగుడు, నీరసం వస్తాయి, వాళ్లేమో ఎండదెబ్బ అనుకుంటారు. చేతి తొడుగులు ఇచ్చాం అని ఫోటోలు దిగుతారు, సీజన్ మధ్యలో వెళ్లి చూస్తే ఎంతమంది వేసుకుంటారో తెలుస్తుంది. ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని మన దేశం 2004లో ఆమోదించింది, దాని 17వ అధికరణం పొగాకు రైతులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపించమంటుంది. మనిషి ప్రాణం తీసే పంటకి "సుస్థిర" అనే మాట తగిలించడం నాకు మింగుడు పడదు.

పొదిలి_పెద్దాయన:
అమ్మా, ప్రత్యామ్నాయం అంటే ఏంటో చెప్పండి. శనగ వేసి కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు పెట్టుకుని రేటు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన జిల్లా మాది. కాగితం మిల్లులకి పోయే సుబాబుల్ కర్ర రేటు సంగతి ఎత్తకుండా ఉంటేనే మేలు. వర్జీనియాకి వేలమన్నా ఉంది, నల్ల బర్లీ రకం పొగాకుకి అదీ లేదు. కంపెనీలు కొంటాయన్న ఆశతో విపరీతంగా వేశారు, 2025లో రేటు పడిపోతే సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌తో ప్రభుత్వం కొనాల్సి వచ్చింది. ఆ రోజు సుస్థిరత చెప్పిన వాళ్లెవరూ ఊళ్లోకి రాలేదు మరి.

ఆకుపచ్చ_మడి:
పెద్దాయనా, ఆ కోపం సరైనదే గానీ బర్లీ గొడవకి జనుముని తిడితే ఎట్లా? భూమి మీది. రేపు మీరు మిరప వేసినా, మినుము వేసినా ఆ సారం అక్కడే ఉంటుంది.

కొండపి_కుర్రోడు:
సరే, జనుము ఈ ఏడు వేస్తా, అది ఈ పంటకే పనికొస్తుంది. ఆముదం విత్తనం కూడా చవకే. ఇన్సులేషన్ దగ్గరే ఆగిపోతున్నా, బ్యారన్ నాదే అయినా చేను కౌలు, వచ్చే ఏడు పొలం ఉంటుందో లేదో. వాళ్లు మళ్లీ వస్తే ఒకటే అడగాలనుకుంటున్నా: మీరు చెప్పినట్టు పండించిన బేలుకి వేరే గుర్తు వేయించి, దాని మీద కిలోకి ఇంత ఎక్కువ ఇస్తామని బోర్డు ముందు రాసిస్తారా? ఎక్కడైనా ఏ రైతుకైనా అలా ఇచ్చినట్టు తెలిస్తే ఇక్కడ చెప్పండన్నా.

వేలం_చూసినోడు:
అడుగు. నేను తిరిగిన వేలం ఫ్లోర్లలో మాత్రం అలాంటి బేలు కనబడలేదు.