పాత జీపుకి సొంతంగా చేసిన కాన్వాస్ టాప్, కుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి

మాది విశాఖ. పాత మహీంద్రా సీజే 3బీ జీపుకి ఇంట్లోనే సాఫ్ట్ టాప్ చేశాను. ముప్పావు అంగుళం జీఐ పైపు వంచి కమానులు, పైన వాటర్‌ప్రూఫ్ కాటన్ కాన్వాస్, పాలిస్టర్ దారంతో డబుల్ కుట్టు. గుడ్డలోంచి చుక్క కూడా దిగదు, నీళ్లు నిలిచే గుంటా లేదు. కానీ వాన మొదలైన పది నిమిషాలకల్లా ముందు సీట్ల పైనున్న అడ్డకుట్టు వెంట ధార కారుతుంది.

కుట్టుకి మైనం రుద్దితే ఎండకి కరిగిపోయింది. సిలికాన్ రాస్తే, బీచ్ రోడ్డు గాలికి గుడ్డ కొట్టుకుని పొరలుగా ఊడింది. లోపల రబ్బర్ సొల్యూషన్‌తో పట్టీ అతికించినా అంచులు లేచాయి. రెక్సిన్ వేయమంటున్నారు గానీ, ఈ బండికి కాన్వాసే అందం, మార్చను.

కాటన్ దారమైతే తడిసి ఉబ్బి సూది రంధ్రాలను మూసేస్తుంది కదా, ఆ ఒక్క కుట్టు విప్పి కాటన్ దారంతో మళ్లీ కుట్టిస్తే కారడం ఆగుతుందా?