వారం రోజుల జపాన్: జేఆర్ పాస్ కొనాలా, విడి టికెట్లు చాలా?

కొల్లేటి కొంగ:
ఉద్యోగానికి టోక్యో వచ్చి మూడు నెలలైంది, ఉండేది నిషికసాయ్‌లో. నవంబరులో అమ్మానాన్నా వస్తున్నారు. టోక్యో నుంచి క్యోటో, అక్కణ్ణుంచి హిరోషిమా, మళ్ళీ టోక్యో. మొత్తం వారం. ఏడు రోజులు జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్ళలో ఎన్నిసార్లయినా ఎక్కనిచ్చే పాస్ ఒకటుంది కదా. "పాస్ కొనెయ్యరా, ఒకసారి కట్టేస్తే మళ్ళీ జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు" అని నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నారు. నాకేమో లెక్క తేలట్లేదు. మీరేమంటారు?

పద్దుల పుస్తకం:
పాస్ రోజులు పోయాయండీ. 2023 అక్టోబరు దాకా ఏడు రోజుల పాస్ 29,650 యెన్లే. టోక్యో నుంచి క్యోటో వెళ్ళొస్తే దాదాపు గిట్టేసేది. అలాంటిది ఒక్క దెబ్బకి 50,000 చేశారు. ఇప్పుడు మీ దారి చూద్దాం. టోక్యో-క్యోటో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) సుమారు 14 వేలు, క్యోటో-హిరోషిమా 11 వేల పైన, హిరోషిమా-టోక్యో 19 వేల పైన. క్యోటో పక్కనున్న నారా వెళ్ళి రావడం, హిరోషిమా దగ్గరి మియాజిమా దీవికి పడవ కలిపినా 48 వేలు దాటదు. పాస్ కొంటే నష్టమే.

వలస బాతు:
రెండు వేల యెన్లంటే మన డబ్బుల్లో పన్నెండొందలు. దానికోసం ఇంత లెక్కా? మేం పోయినేడు పాస్‌తోనే తిరిగాం. హిరోషిమా వెళ్తుంటే హిమేజీలో బండి ఆగింది. కిటికీలోంచి తెల్లగా కోట కనబడింది. "ఒరేయ్, అదేంట్రా, దిగుదామా?" అంది మా అత్తయ్య. దిగాం. మూడు గంటలు తిరిగి తర్వాతి బండెక్కాం. టికెట్టు అయితే "కాదత్తా, డబ్బులు పోతాయి" అనాల్సి వచ్చేది. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఆ "కాదు" అనకుండా ఉండటానికే పాస్.

పద్దుల పుస్తకం:
అత్తయ్యగారి సంగతి బాగుంది. మరి షింకన్‌సెన్‌లలో తక్కువ చోట్ల ఆగి వేగంగా పోయే నొజోమి మాటేమిటి? పాస్ ఉన్నా అది ఎక్కాలంటే పైన కట్టాలి, టోక్యో-క్యోటోకే 4,960 యెన్లు. కట్టకపోతే ఇంకాస్త ఎక్కువ చోట్ల ఆగే హికారి. గంటకి రెండు వస్తే గొప్ప. నొజోమి అయితే నిమిషాల తేడాలో ఒకటి. పైగా టోక్యోలో ఎక్కిన హికారి హిరోషిమా దాకా పోదు, షిన్-ఒసాకాలోనో షిన్-కోబేలోనో దిగి బండి మారాలి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఆవకాయ జాడీలున్న పెట్టెలతో ప్లాట్‌ఫారం మీద ఆ హడావుడి ఊహించుకోండి.

సుమిదా గట్టు:
ఇంతసేపూ అసలు సంగతి ఎవరూ చెప్పలేదేంటి? కొంగ తమ్ముడూ, ముందు నీ పాస్‌పోర్టు తీసి చూసుకో. తాత్కాలిక సందర్శకుడని ముద్ర ఉన్నవాళ్ళకే ఆ పాస్. నీది వర్క్ వీసా, నీకు ఇవ్వరు. అమ్మానాన్నలకి కొన్నా నువ్వు విడి టికెట్టే కొనాలి, పైగా వాళ్ళ కోసం నువ్వూ హికారిలోనే కూర్చోవాలి. ఇంకోటి, మీ నిషికసాయ్ స్టేషన్ తోజాయ్ లైన్‌ది. అది మెట్రో. అక్కడ జేఆర్ పాస్ చెల్లదు. అంటే యాభై వేల పాస్ జేబులో పెట్టుకుని మీ నాన్నగారు గుమ్మం దిగగానే మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాలి!

పాస్ పోతే మళ్ళీ ఇవ్వరని కూడా గుర్తుపెట్టుకో. మా మామయ్య చొక్కా జేబులో పెట్టి మర్చిపోయాడు. వాషింగ్ మెషీన్‌లోంచి ముద్దగా బయటికొచ్చింది.

గోదారి గట్టు పిల్ల:
తిరుగు విమానం ఒసాకా నుంచి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా. 2024లో మేం చేసింది అదే. క్యోటో దాకా టికెట్టు, అక్కణ్ణుంచి 17 వేలకి అయిదు రోజుల కన్సాయ్-హిరోషిమా పాస్ (కన్సాయ్ అంటే ఒసాకా, క్యోటో ఉన్న ప్రాంతం). షిన్-ఒసాకా నుంచి హిరోషిమాకి నొజోమి కూడా ఎక్కనిస్తారు, మియాజిమా పడవా అందులోనే. క్యోటో నుంచి షిన్-ఒసాకా దాకా మాత్రం షింకన్‌సెన్ కుదరదు, ఆ ముక్క వేరే కంపెనీది. మామూలు రైల్లో అరగంటలో వెళ్ళిపోయాం.

కొల్లేటి కొంగ:
అయ్యో, రానూపోనూ టోక్యోకే తీసేశానండీ. వర్క్ వీసా సంగతి నిజంగా తెలీదు, గట్టు అన్నకి దండం. టికెట్లే కొంటాను. కానీ హిమేజీ కోట గురించి చదివాక అమ్మకి చూపించకపోతే ఎలా అనిపిస్తోంది.

పద్దుల పుస్తకం:
చూపించండి, దానికి పాస్ ఎందుకు? క్యోటోలో పొద్దున్నే స్పెషల్ రాపిడ్ (షింకన్‌సెన్ కాదు, మామూలు జేఆర్ రైలే) ఎక్కండి. గంటన్నరలో హిమేజీ, రెండు వేల పైచిలుకు. పెట్టెలు స్టేషన్ లాకర్‌లో పడేసి కోట చూడండి. మధ్యాహ్నం అక్కడే హిరోషిమాకి షింకన్‌సెన్ టికెట్టు తీసుకోండి. రెండూ కలిపినా క్యోటో-హిరోషిమా టికెట్టుని మించదు.

వలస బాతు:
ఒప్పుకున్నాను. మా అత్తయ్యకి మాత్రం చెప్పకండి.