రిటెన్షన్ (బ్యాకప్ ఉంచే గడువు) 90 నుంచి 30 రోజులకి తగ్గిస్తే పాత బ్యాకప్‌లు ఉంటాయా పోతాయా?

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
స్టోరేజ్ బిల్లు ఎక్కువొస్తోందని మా మేనేజర్ రిటెన్షన్ 90 నుంచి 30 చేసేయమంటున్నాడు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో కొన్ని సర్వర్లు, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో కొన్ని ఉన్నాయి. ఇప్పటికే తీసి పెట్టిన బ్యాకప్‌ల సంగతేంటి? టీమ్‌లో ఒకడు కొత్తవాటికే వర్తిస్తుందంటాడు, ఇంకొకడు పాతవి కూడా ఊడ్చిపెట్టుకుపోతాయంటాడు.

క్లౌడ్_బాబాయ్:
ఇద్దరూ కరెక్టే బ్రో, చెరో క్లౌడ్ గురించి చెప్తున్నారు అంతే. అజూర్ బ్యాకప్‌లో పాలసీ మారిస్తే పాత రికవరీ పాయింట్లకి (తీసి పెట్టిన ఒక్కో బ్యాకప్ కాపీ) కూడా పడుద్ది, తగ్గించావనుకో గడువు దాటినవన్నీ తర్వాతి క్లీనప్ జాబ్‌లో లేచిపోతాయి, పెంచితే ఉన్నవాటికీ గడువు పెరుగుద్ది. ఏడబ్ల్యూఎస్ బ్యాకప్‌లో ప్లాన్ మార్చినా పాతవి కదలవు, తీసినప్పుడు ఏ గడువు ఉందో దానికే పోతాయి. కాబట్టి అక్కడ బిల్లు వెంటనే తగ్గదు, మేనేజర్‌కి ఈ ముక్క ముందే చెవిన వేసి పెట్టు.

వాల్ట్_వాసు:
అజూర్‌లో ఇంకో మెలిక. ఇన్నాళ్ళూ డైలీ రిటెన్షన్ ఒక్కటే ఉండి ఇవాళ కొత్తగా మంత్లీ, ఇయర్లీ ఆన్ చేస్తే పాత పాయింట్లకి అది రాదు, ఇకమీదట తీసేవాటికే. వాల్ట్‌కి (బ్యాకప్‌లు దాచే చోటు) ఇమ్యూటబిలిటీ, అంటే ముందే చెరపకుండా తాళం, పెట్టి ఉంటే అసలు రిటెన్షన్ తగ్గించనివ్వదు కూడా.

టేప్_తాత:
మీ క్లౌడ్‌లు ఇప్పుడొచ్చాయి గానీ ఈ గొడవ పాతదే నాయనా. నెట్‌బ్యాకప్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో రిటెన్షన్ లెవల్ మార్చినా పాత ఇమేజ్‌ల (బ్యాకప్ కాపీల) ఎక్స్‌పైరీ డేట్ అలాగే ఉంటుంది, మారాలంటే బీపీఎక్స్‌ప్‌డేట్ కమాండ్‌కి రీకాలిక్యులేట్ ఆప్షన్ పెట్టి కొట్టాల్సిందే. ఒక సుఖం ఏంటంటే ఇమేజ్ ఎక్స్‌పైర్ అయినా టేప్ మీద మళ్ళీ రాసేదాకా డేటా ఉంటుంది, ఇంపోర్ట్ చేసి లాగొచ్చు.

బిల్లు_బాధితుడు:
ఏడబ్ల్యూఎస్‌లో ఫైల్స్ దాచే ఎస్3లో లైఫ్‌సైకిల్ రూల్ (గడువు దాటిన ఫైల్స్‌ని దానంతటదే తీసేసే రూల్) ఇంకో రకం, రూల్ పెట్టకముందు నుంచీ ఉన్న ఫైల్స్‌కి కూడా పడుద్ది. అదే బకెట్‌లో (ఎస్3లో ఫైల్స్ ఉండే డబ్బా) ఆబ్జెక్ట్ లాక్, అంటే ఫైల్ చెరపకుండా వేసే తాళం, డిఫాల్ట్ గడువు మారిస్తే కొత్తవాటికే, పైగా కంప్లయన్స్ మోడ్‌లో లాక్ అయిన ఫైల్‌ని రూట్ అకౌంట్ కూడా ముందే తీయలేదు. గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ అనే చవక స్టోరేజ్‌లో పడేసినవి 180 రోజుల్లోపు తీసేసినా మిగతా రోజుల డబ్బులు కట్టాల్సిందే, అక్కడ తొందరపడి తీసి మిగిలేదేం లేదు.

ఆడిట్_అక్క:
బిల్లు సరే, ఆ సర్వర్లలో ఏముందో చూశారా? కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఏళ్ళు ఉంచాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం లాగ్స్ (సిస్టమ్‌లో ఏం జరిగిందో రాసుకునే రికార్డులు) 180 రోజులు ఉండాలి. అవి ఈ బ్యాకప్‌లలో తప్ప ఇంకెక్కడా లేకపోతే 30 కాదు కదా మీ 90 కూడా చాలదు.

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
థాంక్స్ అక్కా, లాగ్స్ నిజంగానే ఆ సర్వర్లలోనే ఉన్నాయి. అజూర్‌లో ఫైనాన్స్ సర్వర్‌కి, లాగ్ సర్వర్‌కి వేరే పాలసీ పెట్టి వాటి గడువు పెంచుతా, 30కి దించేది మిగతావాటికే. ఏడబ్ల్యూఎస్‌లో పాతవాటి గడువు చేత్తో మార్చొచ్చా?

క్లౌడ్_బాబాయ్:
మార్చొచ్చు, ఒక్కో రికవరీ పాయింట్‌కి లైఫ్‌సైకిల్ ఎడిట్ చేసుకోవాలి, చాలా ఉంటే స్క్రిప్ట్ రాసుకో. కోల్డ్ స్టోరేజ్‌కి (అరుదుగా వాడేవి దాచే చవక స్టోరేజ్) వెళ్ళినవి మాత్రం అక్కడ 90 రోజులు ఉండాల్సిందే, వాటిని వదిలేయ్.