చిన్న వ్యాపారులకు శిక్షణ: గుంపులోనా, విడివిడిగానా?

కాలవగట్టు
ఆక్వా కన్సల్టెంట్లు కావచ్చు, ఆత్రేయపురం వైపు పూతరేకుల ప్యాకింగూ ఆన్‌లైన్ అమ్మకమూ నేర్పేవాళ్ళు కావచ్చు, అంబాజీపేట కొబ్బరి పీచు యూనిట్లకు లెక్కలు చూపించేవాళ్ళు కావచ్చు, మన గోదావరి డెల్టాలో ఎక్కువమంది ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెబుతున్నారు. ఆరు నుంచి ఎనిమిది మందిని కలిపి నేర్పడమే మేలని నా వాదన. ఒకరి లెక్కలో తప్పు రెండోవారికి ఇట్టే కనబడుతుంది. శిక్షకుడికీ లాభమే. విడిగా వింటే ఆరు వేర్వేరు కష్టాల్లా తోచేవి, కలిపి వింటే అరువు వసూలు కాకపోవడమనే ఒక్క కష్టంగా తేలొచ్చు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

రేకులపెట్టె
కాదనే అంటానండి. పూతరేకుల్లో బతుకంతా నెయ్యి ఎంత, ఎక్కడ కొంటున్నాం, రేకులు ఎవరింటి నుంచి వస్తున్నాయి అన్నదాని మీదే ఉంటుంది. పక్క కొట్టావిడ ఎదురుగా కూర్చుంటే ఇవి ఎవరు చెబుతారు? తలో తప్పుడు అంకె చెబుతారు. ఆ అంకెల మీద నేర్చుకున్నది నేర్చుకోకపోవడం కంటే నష్టం. రూపాయలు వద్దు, శాతాలు చెప్పుకోండని కొందరు శిక్షకులు సర్దుబాటు చేస్తారు. మా సరుకులో నెయ్యి వాటా చెప్పడమంటే రుచి గుట్టు విప్పడమే కదండి.

కాలవగట్టు
మీ అభ్యంతరం న్యాయమైనదే. కానీ అది గుంపు తప్పు కాదు, గుంపుని కూర్చిన తీరులో తప్పు. ఒకే వీధిలో ఒకే సరుకు అమ్మేవాళ్ళని కలపకూడదు. పూతరేకులావిడ ఒకరు, కడియం నర్సరీ వారొకరు, పీచు యూనిట్ వారొకరు, నరసాపురం లేసు పని చేయించేవారొకరు ఉంటే దాచుకోవాల్సింది ఏముంటుంది?

ఒక్క లెక్క చూడండి. వంద రేకులు 300 రూపాయలకు కొన్నారనుకోండి. చుట్టేలోపు ఎనిమిది విరిగితే రేకు ఖరీదు 3 రూపాయలు కాదు, 300ని 92తో భాగించి 3.26. పెట్టె ధర కట్టేటప్పుడు నెయ్యి, బెల్లం, జీడిపప్పు, అట్టపెట్టె అన్నీ రాస్తారు, విరుగుడు మాత్రం రాయరు. నర్సరీ ఆయన చచ్చిన మొక్కల్ని ఏనాటి నుంచో లెక్కలో వేసుకుంటాడు గనక, ‘మీ విరిగినవి ఏ పద్దులో రాశారు?’ అని ముందు అడిగేది ఆయనే.

ఉండి_చెరువు
మీరిద్దరూ ఒక సంగతి వదిలేశారు. రొయ్యల చెరువుల్లో ఇది తిరగబడుతుంది. ఒకే మురుగు కాలవ మీద ఉన్నవాళ్ళు తప్పకుండా ఒకే గుంపులో ఉండాలి. ఒక చెరువులో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలాక బ్లీచింగ్ వేసి నీళ్ళు నిలగట్టకుండా వదిలేస్తే, కింద చెరువు ఆయన ఆ నీళ్ళే మోటారు పెట్టి తోడుకుంటాడు. ఇక్కడ గుట్టు దాచడం అందరికీ చేటు. కాబట్టి గుంపుని కూర్చేముందు వీళ్ళు ఏది పంచుకుంటున్నారని చూడాలి. నీళ్ళు పంచుకునేవాళ్ళని కలపాలి, ఖాతాదారుల్ని పంచుకునేవాళ్ళని విడదీయాలి.

అంకెలు ఒకే తీరున రాయకపోతే మాత్రం గుంపు దండగ. ఒకాయన తెల్లవారుజామున 5 గంటలకు డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, కొలుస్తాడు, ఇంకొకాయన 9 గంటలకు. రాత్రంతా వాడుక అయ్యి తెల్లవారేముందు ఆక్సిజన్ అడుగంటుతుంది, పొద్దెక్కితే పెరుగుతుంది. రెండూ పక్కపక్కన రాస్తే రెండో చెరువు బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. ఆయన నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తగ్గిస్తాడు, మర్నాడు రొయ్య పైకి తేలుతుంది. అందరూ సూర్యోదయానికి ముందే కొలవాలి. 4 పీపీఎం కంటే తగ్గితే ఆ రోజు మేత గురించి మళ్ళీ ఆలోచించాలి. మేత లెక్కా అంతే: 1,500 కిలోల మేతకి 1,000 కిలోల పట్టుబడి వస్తే, కిలో రొయ్యకి పట్టిన మేత, అంటే ఎఫ్‌సీఆర్ 1.5. మధ్యలో కొంత పట్టి అమ్మితే అదీ కలపాలి, లేకపోతే అంకె ఎక్కువగా కనబడి మేతని నిందిస్తారు.

ఇంకో జాగ్రత్త. అందరూ కలిసి చెరువు చెరువుకీ తిరగొద్దు. చెప్పుల మట్టితో, ఒకే విసురు వలతో, మేత తిన్నాయో లేదో చూసే ఒకే చెక్ ట్రేతో జబ్బుని మోసుకెళ్ళినట్టే. గట్టు అవతలే కూర్చోండి, ఎవరి ట్రే వాళ్ళే ఎత్తి చూపించాలి.

రేకులపెట్టె
నీళ్ళ మాట ఒప్పుకుంటాను. మరి గుంపులో గొంతు పెద్దవాడి సంగతి? నలభై ఎకరాలాయన మాట్లాడుతుంటే రెండెకరాల కౌలుదారు నోరు విప్పడు.

పొలంబడి_పాతకాపు
దానికి మందు ఉందండి. ముందు అందరూ చీటీ మీద తమ అంకె, తమ అనుమానం రాయాలి. చదవడం చిన్న కమతం నుంచి మొదలవ్వాలి, పెద్దాయన చివర. సమస్య చెప్పే మనిషికి 25 నిమిషాలు. అయిదు నిమిషాలు అంకెలతో సమస్య, తరవాత పది నిమిషాలు మిగతావాళ్ళవి ప్రశ్నలే, సలహా ఒక్కటీ లేదు. అప్పుడు అయిదు నిమిషాలు సలహాలు, చివరి అయిదులో ఆ మనిషి ఏం చేస్తాడో రాసుకోవాలి. రెండు గంటల్లో నలుగురికి కుదురుతుంది, మిగిలిన 20 నిమిషాలు కిందటిసారి రాసుకున్నది జరిగిందా లేదా చూడటానికి. ఈ ఆఖరి ముక్క ఎగ్గొడితే మూడో సమావేశానికల్లా అది కాఫీ కబుర్లయిపోతుంది.

సలహా కంటే ప్రశ్న ముందన్న పద్ధతి కొత్తది కాదు. బ్రిటిష్ మేనేజ్‌మెంట్ నిపుణుడు రెగ్ రెవాన్స్ 1940ల్లో ఇంగ్లండు బొగ్గు గనుల మేనేజర్లతో చేయించింది ఇదే. రైతుల్లో చూస్తే 1989లో ఇండోనేసియాలో వరి మీద ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏవో మొదలుపెట్టిన క్షేత్ర పాఠశాలలు, వాటి బాటలో మన పొలంబడి. వారం వారం అదే మడిలో దిగి, పురుగులూ మిత్ర పురుగులూ లెక్కపెట్టి, మందు కొట్టాలా వద్దా రైతులే తేల్చుకోవడం దాని ప్రాణం. మాస్టారు ముందే జవాబు చెప్పేస్తే ఆ ప్రాణం పోయినట్టే.

మేత కంపెనీలు భోజనాలు పెట్టి హాల్లో జరిపే సభల్ని దయచేసి దీనితో కలపొద్దు. రెండొందల మంది కూర్చుని ఒకాయన మాట వినడం గుంపు చదువు కాదు. వాట్సాప్ గ్రూపులో డీలరు చేరినా ఇదే గతి, అడిగిన ప్రతిదానికీ ఒక డబ్బా మందు జవాబుగా వస్తుంది.

రేకులపెట్టె
పద్ధతి బావుంది. అయినా అప్పులు, అన్నదమ్ముల పంపకాలు, భాగస్వామితో తగాదా, ఈ మూడూ గుంపులోకి రాకూడదని నా పట్టు. ఊళ్ళో పాకితే సంబంధాలు చెడతాయి. మొదటి ఖర్చు లెక్క కూడా విడిగానే కట్టించాలి. ఎక్కడ గండి పడిందో తెలియని మనిషి నలుగురిలో ప్రశ్నకి జవాబు చెప్పలేక రెండోసారి రాదు.

కాలవగట్టు
అప్పులూ పంపకాలూ విడిగా ఉండాలన్నది ఒప్పుకున్నాను. మొదటి లెక్క దగ్గర మాత్రం ఒప్పుకోను. విడిగా కడితే శిక్షకుడు తనే కట్టేసి చేతికిస్తాడు, ఆ కాగితం బీరువాలోకి పోతుంది. ఖాళీ పట్టిక ముందురోజే ఇంటికి పంపండి, ఇంట్లో అందరూ కలిసి పెన్సిలుతో నింపుకు రమ్మనండి. తెలియని గళ్ళు ఖాళీగానే ఉంచమనండి. గుంపు మొదలవ్వాల్సింది ఆ ఖాళీ గళ్ళ దగ్గరే.

ఉండి_చెరువు
పట్టికలో కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు వేర్వేరు గళ్ళు పెట్టండి. కలిపి రాస్తే ఏ రాత్రి కరెంటు పోయి ఖర్చు పెరిగిందో కనబడదు.