పరిశోధక విద్యార్థుల సంఘం పనులు, సొంత పరిశోధన: రెండింటినీ కలిపి నడిపించిన వారు ఎవరైనా ఉన్నారా?

తీరరేఖ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో భూగోళశాస్త్రంలో పిహెచ్.డి. రెండవ సంవత్సరం చేస్తున్నాను. ఈ విద్యాసంవత్సరానికి మా పరిశోధక విద్యార్థుల సంఘానికి నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. అధ్యక్షురాలు నగరంలోని వేడి మీద, కోశాధికారి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద, నేను రామకృష్ణా బీచ్ కోత మీద పని చేస్తున్నాము. ముగ్గురిదీ ఒకే నగరం, ఒకే విభాగం అయినా, ఎన్నికైన ఈ ఆరు నెలల్లో ఒకరి పరిశోధన గురించి మరొకరం అరగంటసేపు కూర్చుని మాట్లాడుకున్న సందర్భం ఒక్కటీ లేదు.

మాట్లాడుకున్నదంతా బస్సు అద్దె గురించి, ఫ్లెక్సీల గురించి, అతిథులకు కప్పే శాలువాల గురించి. కిందటి నెల అమావాస్య మర్నాడు మధ్యాహ్నం, ఆటు బాగా దిగిన వేళ నేను బీచ్‌లో కొలతలు తీసుకోవలసి ఉండగా, జ్ఞాపిక మీద ముఖ్య అతిథి ఇంటిపేరు తప్పు పడిందని ప్రింటింగ్ ప్రెస్‌లో నిలబడి ఉన్నాను. ఆ ఒక్క అక్షరం దిద్దించుకుని బయటపడేసరికి పోటు మొదలైంది. అంతగా నీరు తగ్గే రోజు కోసం మరో పక్షం ఆగవలసి వచ్చింది.

పదవిని వదులుకోవాలని నాకు లేదు. అయితే సంఘం పని ఒక వైపు, పరిశోధన మరో వైపు లాగకుండా, రెండింటికీ పనికివచ్చేలా ఏదైనా చేయగలమా అన్నది నా ప్రశ్న. అనుభవం ఉన్న పెద్దలు, సీనియర్లు చెప్పగలరని ఆశిస్తున్నాను.

వాల్తేరు_పాతకాపు:

శాలువాల సంగతి మా రోజుల్లోనూ అంతే కనుక దాని జోలికి పోను. సంఘానికి ఏది ముఖ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను. చెన్నైలోని ఇండియన్ జియోగ్రాఫికల్ సొసైటీ 1926లో మద్రాస్ జియోగ్రాఫికల్ అసోసియేషన్ పేరుతో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినదీ అదే సంవత్సరం. అప్పటికి మన విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆ సంఘం మొదటి నుంచీ తన పత్రికను నడుపుకుంటూ వచ్చింది. సభ జరిగిందని చెప్పే ఫొటోల కంటే, ఏ ఏడు ఎవరు ఏమి కనుగొన్నారో చెప్పే కాగితమే సంఘానికి ఆస్తి.

మీ ప్రశ్నకు నా సమాధానం ఇది. పరిశోధక విద్యార్థి నాలుగైదేళ్లు ఉండి వెళ్లిపోతాడు, సంఘం మాత్రం ఉంటుంది. కనుక ఒక్క మనిషి ఎంత కష్టపడినా చేయలేని పని, అంటే ఒకే చోటును ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో కొలుస్తూ పోవడం, సంఘం చేయాలి. అందుకు మీ బీచ్ కంటే తగిన చోటు లేదు. మన తీరం వెంబడి ఇసుక సుమారు మార్చి నుంచి అక్టోబరు వరకు ఈశాన్యంగా, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నైరుతిగా కదులుతుంది. ఏడాది మొత్తం మీద చూస్తే పైచేయి ఈశాన్యపు కదలికదే. డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనే 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ అడ్డుగోడలు ఆ ఇసుకను, వాటికి ఈశాన్యంగా ఉన్న రామకృష్ణా బీచ్‌కు చేరకుండా ఆపేస్తాయి. అందుకే పోర్టు వారు డ్రెడ్జింగ్‌లో, అంటే నీటి అడుగున తవ్వి తీసిన ఇసుకను తెచ్చి రామకృష్ణా బీచ్ వైపు పోస్తూ ఉంటారు. ఇసుక పోయక ముందు కొలిచారా, పోసిన తరువాత కొలిచారా అన్నది తెలియకుండా ఒక ఏడాది కొలతలతో కోత ఇంత అని తేల్చడం సాహసమే అవుతుంది.

ఖరీదైన పరికరాలు లేవని వెనుకాడవద్దు. 1961లో ఎమెరీ అనే శాస్త్రవేత్త చెప్పిన రెండు కర్రల పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది. ఒకే పొడవు గల రెండు కర్రలకు సెంటీమీటర్ల గీతలు గీసి, వాటి మధ్య కొలత తాడు పట్టండి. గట్టు వైపు నిలబడిన వ్యక్తి సముద్రం వైపు కర్ర కొనను, దిగంతాన్ని ఒకే వరుసలోకి తెచ్చుకుని, ఆ చూపు తన కర్ర మీద ఎక్కడ పడిందో చదవాలి. పై కొన నుంచి ఆ గీత వరకు ఎంత ఉందో, ఆ రెండు కర్రల మధ్య ఇసుక అంత పల్లానికి దిగినట్టు. మొదటి కర్ర ఎప్పుడూ కదలని గుర్తు దగ్గరే మొదలవ్వాలి; బీచ్ రోడ్డు గోడ మీద మీరు పెట్టిన రంగు గుర్తును ఎవరో ఒకరు సున్నం కొట్టి చెరిపేస్తారు కాబట్టి, రెండు శాశ్వత కట్టడాల నుంచి దూరాలు కొలిచి రాసి పెట్టుకోండి.

ఉష్ణపటం:

పై వారి మాటతో ఏకీభవిస్తూ, కొలతల వరకే ఆగకూడదని చెప్పదలిచాను. నేను పదవిలో ఉన్నప్పుడు నెలకు ఒక శనివారం, అతిథి లేకుండా, మైకు లేకుండా, సంఘం సభ్యులలో ఒకరు తమ పూర్తి కాని పనిని మిగతావారి ముందు పెట్టే పద్ధతి మొదలుపెట్టాము. మొదటి శనివారం దొరికిపోయినది నేనే.

లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో తయారు చేసిన పటాన్ని చూపించి, విశాఖలో మధ్యాహ్నపు వేడి ఎక్కడ ఎక్కువో ఇది చెబుతుందని అన్నాను. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం అమ్మాయి లేచి, ఆ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది ఉదయం పది ప్రాంతంలో కదా మేడమ్ అని అడిగింది. అంతేకాదు, ఉపగ్రహం కొలిచేది డాబాల, తారురోడ్ల ఉపరితలపు వేడిని. మనకు చెమట పట్టించే గాలి వేడిని కాదు. పైగా లాండ్‌శాట్ 8 ఉష్ణ సెన్సర్ వంద మీటర్ల వివరంతో కొలిచినదాన్నే ముప్పై మీటర్ల గళ్లుగా సర్ది ఇస్తారు. ఆ గళ్లను చూసి వీధికి ఒక ఉష్ణోగ్రత చెప్పినట్టు రాసుకున్నాను. ఇవన్నీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు బయటపడి ఉంటే నా పరిస్థితి ఏమిటో ఊహించండి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరులో ఆ కమిటీ ముందు ప్రగతి చూపించాలి కనుక, అంతకు రెండు వారాల ముందు సంఘంలో చూపించడం అందరికీ అలవాటైపోయింది.

మీ అధ్యక్షురాలికి ఒక మాట చెప్పండి. వాతావరణ శాఖ కేంద్రాలు వాల్తేరులో ఒకటి, విమానాశ్రయం దగ్గర ఒకటి ఉన్నాయి. ఒకటి సముద్రపు గాలి తగిలే మెరక మీద, మరొకటి కైలాసగిరి వరుసకు, యారాడ కొండకు మధ్యనున్న పల్లంలో. మే నెలలో ఈ రెండింటి అంకెలను పక్కపక్కన రాసుకుంటే, విశాఖ ఉష్ణోగ్రత అని ఏకవచనంలో రాయడానికి చెయ్యి రాదు.

సందేహజీవి:

నాకు ఇంత ఉత్సాహం లేదు, క్షమించాలి. సంఘం పేరుతో జూనియర్ల చేత ఎండలో కర్రలు మోయించి, చివరకు వ్యాసం మీద కార్యదర్శి పేరు, గైడు పేరు మాత్రమే వేసుకోవడం నేను దగ్గరగా చూశాను. ఆ విభాగం ఏదో చెప్పను. కొలతలు ఎవరివి, ఎవరు వాడుకోవచ్చు, వ్యాసంలో పేరు ఎవరికి, కృతజ్ఞత ఎవరికి అన్నవి మొదటి రోజే కాగితం మీద రాసుకుని, మీ గైడుల చేత కూడా సంతకాలు పెట్టించండి. తరువాత మొహమాటం అడ్డొస్తుంది.

మరొక సంగతి. ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా 2014లో గుర్తించారు. సంఘం విహారయాత్రగా యాభై మందిని తీసుకువెళ్లి, తలా ఒక సంచిలో ఎర్ర ఇసుక నింపుకుని రావడం పరిశోధన అనిపించుకోదు. ఒక్క వర్షానికే గండ్లు పడి కొట్టుకుపోయే నేల అది. కోశాధికారి నమూనాలు అనుమతితో ఆయనే తీసుకోవాలి, మిగతావారు గట్టు అంచున నిలబడి చూస్తే చాలు. డ్రోన్ ఎగరేద్దామని ఎవరైనా అంటే ముందే ఆపండి. నావికాదళం, విమానాశ్రయం ఉన్న ఈ ఊరిలో అనుమతి లేకుండా అది మీకు తలనొప్పే.

వాల్తేరు_పాతకాపు:

సందేహజీవి గారి మొదటి మాటను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. తీరరేఖ గారికి మరొక్క సూచన. తీరం ఎంత జరిగిందో ఉపగ్రహ చిత్రాలలో గీస్తున్నారంటే, చిత్రం తీసిన వేళకు ఆటుపోట్లు ఎక్కడున్నాయో తప్పక చూడండి. మన దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టం తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. పదిహేను మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న ఇసుక మీద, ఒక్క మీటరు నీరు పెరిగితే తడి అంచు పదిహేను మీటర్లు గట్టు వైపు జరుగుతుంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో గడి పది మీటర్లే, కనుక ఆ జరుగుడు చిత్రంలో కనబడుతుంది. అంటే కోత అని మీరు రాసేది ఉత్త ఆటుపోటు కావచ్చు. మీ కర్రల కొలతలు అక్కడే అక్కరకు వస్తాయి.

తీరరేఖ:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పౌర్ణమి మర్నాడు కావడంతో మేము ముగ్గురం, ఇద్దరు జూనియర్లు కలిసి ప్రయత్నించి చూశాము. మధ్యాహ్నపు ఎండకు దిగంతం తెల్లగా కరిగిపోయి ఏ గీతా కనబడలేదు. అప్పుడు మా జూనియర్ ఒకరు, వాళ్ల నాన్నగారు తాపీమేస్త్రీ కావడం వల్ల, నీళ్లు నింపి మట్టం చూసే గొట్టం తెప్పించారు. దానిని రెండు కర్రలకు కట్టి ఒక వరుస మొత్తం కొలవగలిగాము. కొలతల పుస్తకం మొదటి పుటలో అతని పేరే రాశాము. కొలతల వాడకం మీద ఒప్పందం ముసాయిదా సిద్ధమైంది, గైడుల సంతకాలు సోమవారం. వచ్చే నెల అతిథి ఉపన్యాసం ఖర్చు తగ్గించి ఒక కొలత టేపు, రెండు అల్యూమినియం కర్రలు కొనడానికి కోశాధికారి ఒప్పుకున్నారు. శాలువా మాత్రం తప్పదట.